ఆదివాసీ–లంబాడా వివాదం ఎక్కడ మొదలైంది?

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2022 సెప్టెంబర్ 17న ఒకే రోజు రెండు భవనాలు ప్రారంభమయ్యాయి: కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్. ఎస్టీ జాబితా ఒక్కటే అయినా రాజకీయం దాన్ని రెండుగా చూస్తోందనడానికి వేరే రుజువు అక్కర్లేదు. లంబాడాలను (బంజారాలు, సుగాలీలు అన్నా వీళ్లే) ఆ జాబితా నుంచి తీసేయాలని గోండులు, ఇతర ఆదివాసీలు పట్టుబట్టి 2017లో ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు గొడవలు ముదిరినప్పుడు నగరంలో చాలామంది దాన్ని రెండు తెగల పాత పగ అనుకున్నారు. కానీ ఆ గొడవ వేర్లు ఎస్టీ జాబితాలోనూ భూమి చట్టంలోనూ ఉన్నాయి.

1940లో ఆదిలాబాద్ అడవుల్లోని జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీమ్‌ను చంపాక, గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి నిజాం సర్కారు ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన గోండుల ఊరు మార్లవాయిలో ఉండి పనిచేశారు. గోండులకు పట్టాలు, బడులు, 1946లో గిరిజన ప్రాంతాల నిబంధన వచ్చాయి. లంబాడాలు ఆ రక్షణలోకి రాలేదు. అలాగని వాళ్ల బతుకేమీ సుఖంగా లేదు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికిన వాళ్లకు రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ ఆధారం పోయింది. పైగా 1871లో మొదలైన నేరస్త జాతుల చట్టం పుట్టుకతోనే దొంగలనే ముద్ర వేసిన సమూహాల్లో వాళ్లూ ఉన్నారు.

స్వాతంత్ర్యం తర్వాత ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, లంబాడీలు ఎస్టీలు, తెలంగాణలో కాదు. మహారాష్ట్రలో బంజారాలు విముక్త, సంచార జాతుల జాబితాలో, కర్ణాటకలో ఎస్సీ జాబితాలో ఉన్నారు. ఎవరు గిరిజనులో తేల్చడానికి 1965లో లోకూర్ కమిటీ పెట్టిన కొలమానాల్లో ‘ఆదిమ లక్షణాలు’, ‘బయటివారితో కలవడానికి బెరుకు’ ఉన్నాయి. మనుషుల్ని ఇలా కొలవడం అవమానం. ఇప్పటికీ వేషం, భాష చూసి ‘అసలు గిరిజనుడు ఎవరు’ అని వాదించుకునే అలవాటుకు ఆ చూపే బలమిచ్చింది.

1976 సవరణ చట్టం ప్రాంతాల తేడా తీసేసింది. 1977 జూలై నుంచి తెలంగాణ లంబాడాలు కూడా ఎస్టీలయ్యారు. హక్కుగా చూస్తే అది న్యాయమే. ఇబ్బంది అంతా దాన్ని భూమి చట్టంతో కలిపి చూడకపోవడంలో ఉంది.

ఏజెన్సీ (షెడ్యూల్డ్ ప్రాంతాల) భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1959 నాటి భూబదిలీ నిబంధన 1963 డిసెంబర్ 1 నుంచి తెలంగాణకు వర్తించింది. 1/70గా అందరికీ తెలిసిన 1970 నాటి సవరణ దాన్ని ఇంకా బిగించింది: ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమిని మరో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు, అతని చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావిస్తారు, కాదని అతనే రుజువు చేసుకోవాలి. అయితే చట్టం అడిగేది ‘ఎస్టీవా, కాదా’ అన్న ఒక్క ప్రశ్నే. ఏ ఊరివాడివి, ఎప్పుడొచ్చావు అని అడగదు. అందుకే జాబితాలో చేరిన మరుసటి రోజు నుంచి బయటి లంబాడా కుటుంబం కూడా గోండు భూమిని చట్టబద్ధంగా కొనగలదు. మహారాష్ట్ర నుంచి వలస వచ్చారని గోండులు, తాతల నాటి నుంచి ఉన్నామని లంబాడాలు అంటారు. ఊరిని బట్టి రెండూ నిజమే.

గొడవకు సంఖ్య కూడా ఒక కారణం. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి తెలంగాణ ఎస్టీలు దాదాపు 32 లక్షలైతే అందులో లంబాడాలు 20 లక్షలు. చదువులో ముందున్న లంబాడాలకు ఉద్యోగాలు ఎక్కువ దక్కాయి. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేయడంతో ఆ పోటీ ఇంకా ఇరుకైంది.

ఎన్నికల్లో దీని ప్రభావం ఆదిలాబాద్ లోక్‌సభ స్థానంలో స్పష్టంగా కనబడుతుంది. ఎస్టీ రిజర్వుడయ్యాక 2009లో అక్కడ లంబాడా అయిన రాథోడ్ రమేష్ గెలిచారు; 2014లో గోండు అయిన గోడం నగేష్. 2019లో ఆ ఇద్దరినీ ఓడించింది ఆదివాసీ ఉద్యమం నుంచి వచ్చిన సోయం బాపూరావు. 2024లో నగేష్ బీజేపీ తరఫున మళ్లీ గెలిచారు. పార్టీలు మారినా టికెట్ల లెక్క తెగల మీదే నడిచింది.

ఈ గొడవలో వెనక్కి పోయినది గిరిజనేతరుల చేతిలోని భూమి. ఉమ్మడి రాష్ట్ర ఏజెన్సీలో దాదాపు సగం సాగుభూమి వాళ్ల చేతిలోనే ఉందని 2006లో కోనేరు రంగారావు కమిటీ తేల్చింది. పద్ధతులు అందరికీ తెలిసినవే: 1963కు ముందు తేదీ వేసిన సాదా బైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితపు అమ్మకం పత్రం), గిరిజనుడి పేర బినామీ, గిరిజన స్త్రీని పెళ్లాడి ఆమె పేర కొనడం. ఈ భూముల కేసులు విచారించే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ (ఎస్‌డీసీ) కోర్టులో గిరిజనుడు గెలిచినా ఆపై అప్పీళ్లు, హైకోర్టు స్టే. పంచనామా రాసి భూమి అప్పగించిన తర్వాతి వానాకాలానికే పాత మనిషి మళ్లీ నాగలి కడతాడు.

‘జాబితా నుంచి తీసేస్తాం’ అని హైదరాబాద్‌లో ఎవరు హామీ ఇచ్చినా అది చెల్లదు. 342వ అధికరణం ప్రకారం ఆ మార్పు పార్లమెంటే చేయాలి, రాష్ట్రం సిఫార్సు వరకే. రాష్ట్రం చేతిలో ఉన్నది వేరే: ఎస్‌డీసీ పోస్టులు ఖాళీ లేకుండా నింపడం, సాదా బైనామాల తేదీలను పాత పహాణీలతో (ఎవరు సాగు చేస్తున్నారో రాసే రెవెన్యూ రికార్డులతో) సరిచూడడం, అప్పగించిన భూమిని ప్రతి పంటకాలం తనిఖీ చేసి ఎవరు దున్నుతున్నారో రాసుకోవడం.