ఎంపీ హాజరు తెలుస్తుంది, ఓటు ఎందుకు తెలియదు?

ఎన్నికలు దగ్గరపడితే ఎంపీల పనితీరు లెక్కలు పత్రికల్లోకి వస్తాయి. హాజరు ఎంత శాతం, అడిగిన ప్రశ్నలు ఎన్ని, ఎన్ని చర్చల్లో మాట్లాడారు అన్నవన్నీ ఉంటాయి. ఫలానా బిల్లుకు మన ఎంపీ ఎటు ఓటేశారన్నది మాత్రం కనిపించదు. చాలా బిల్లుల విషయంలో ఆ వివరం అసలు నమోదే కాదు.

హాజరు పట్టీ ఉన్నది దినభత్యం కోసం. సభ్యుడు సంతకం చేస్తే ఆ రోజు భత్యం వస్తుంది. పది నిమిషాలు కూర్చున్నా, రాత్రిదాకా ఉన్నా సంతకం ఒకటే. మంత్రులు సంతకం చేయనక్కర్లేదు కనుక వారి హాజరు ఈ లెక్కల్లోకి రాదు. ప్రశ్నల సంఖ్యనూ గుడ్డిగా నమ్మలేం. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేశారని 2005 డిసెంబరులో 11 మంది సభ్యులను పార్లమెంటు బహిష్కరించింది. ఎంపీల పనితీరు వివరాలను ప్రజలకు అందిస్తున్న పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ ఢిల్లీలో మొదలైందీ ఆ ఏడాదే.

ఇక ఓటు. బిల్లును ఓటుకు పెట్టినప్పుడు సభాపతి ముందుగా మూజువాణి ఓటే తీసుకుంటారు. ఏ వైపు గొంతులు ఎక్కువగా వినిపిస్తే అటే నిర్ణయం. ఎవరైనా అభ్యంతరం చెప్పి డివిజన్ కోరితేనే లెక్కింపు. అప్పుడు కూడా, ఆ కోరిక అనవసరమని సభాపతి భావిస్తే సభ్యులను నిలబెట్టి లెక్కించవచ్చు. పేర్లు నమోదు కావు. రాజ్యాంగ సవరణకు 368వ అధికరణ ప్రత్యేక మెజారిటీ కోరుతుంది కాబట్టి అక్కడ లెక్క తప్పదు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో అనుకూలంగా 454, వ్యతిరేకంగా 2 ఓట్లు పడ్డాయని కచ్చితంగా చెప్పగలుగుతున్నది అందుకే.

మన రాష్ట్ర విభజన బిల్లుకు ఆ అవసరం లేకపోయింది. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ దాన్ని మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. సాంకేతిక లోపమని తరువాత వివరణ వచ్చింది. విభజన కోరుకున్నవారైనా, వద్దన్నవారైనా తాము గెలిపించిన ఎంపీ ఆ తుది ఘట్టంలో ఎటు నిలిచారో అధికారిక రికార్డు తెరిచి చూపలేరు. పదేళ్లు దాటినా నాకు ఇది మింగుడుపడదు.

1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ఈ ఉదాసీనతను పెంచిందనుకుంటాను. ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశమైన విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. ఓటు ఎటు పడుతుందో ముందే తేలిపోయినప్పుడు ఒక్కొక్కరి పేరూ రాయించాలన్న పట్టుదల పార్టీలకు ఎందుకుంటుంది? ఓటరుకు మాత్రం ఆ పేరు కావాలి. విప్‌కు తలవంచి ఓటేసినా అది ఆయన వేసిన ఓటే.

బ్రిటన్ కామన్స్ సభ 1836 నుంచి డివిజన్ జాబితాలను సభ్యుల పేర్లతో ప్రచురిస్తోంది. మన లోక్‌సభలోనూ మీట నొక్కి ఓటేసే యంత్రాలు 1957 నాటికే వచ్చాయి. ప్రతి బిల్లు తుది ఆమోదానికీ పేర్లతో ఓటింగ్‌ను తప్పనిసరి చేయడానికి రాజ్యాంగాన్ని సవరించనక్కర్లేదు. సభ తన నియమావళిని మార్చుకుంటే సరిపోతుంది.