మాజీ భార్యకో భర్తకో బాకీ ఉన్నారని డిక్రీ వస్తే: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం కోర్టులకు మన తెలుగువాళ్లు తెచ్చే బాకీ దావాల్లో విడాకులైన జంటలవి ఒక రకం. పెళ్లినాటి బంగారం దగ్గర్నుంచి తవ్వుకొస్తారు. డిక్రీ, అంటే ఇంత కట్టాలన్న కోర్టు ఉత్తర్వు, పడ్డాక మాత్రం ఆ తవ్వకానికి విలువ లేదు. ఇక తేదీలు, కాగితాలే లెక్క.

అపోహ: "కోర్టు కాగితం ఒడియాలో ఉంది, మా వదిన తీసుకుంది, నాకు చెప్పలేదు. కాబట్టి చెల్లదు."

వాస్తవం: ఒడియా గడగడా మాట్లాడే మనవాళ్లలో చాలామందికి చదవడం రాదు, నిజమే. కానీ మీరు దొరకనప్పుడు మీతో ఉంటున్న పెద్దవాళ్లు ఎవరు తీసుకున్నా సమన్లు (కోర్టుకు రమ్మనే కాగితం) అందినట్టే లెక్క. వద్దని తిప్పి పంపినా అంతే. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీరు హాజరు కాకుండానే ఇచ్చిన డిక్రీ, కొట్టేయించుకోవడానికి 30 రోజులే గడువు. సమన్లు నిజంగా అందకపోతే ఆ 30 రోజులు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క.

అపోహ: "అప్పీలు వేశాం, ఇక టెన్షన్ లేదు."

అప్పీలు వేరు, స్టే (డిక్రీ అమలు ఆపే ఉత్తర్వు) వేరు. స్టే లేకపోతే అమలు పిటిషన్ (డిక్రీ సొమ్ము వసూలుకి అవతలివాళ్లు వేసేది) నడుస్తూనే ఉంటుంది. అప్పీలు గడువు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద నేరుగా కటక్ హైకోర్టుకే వెళ్లాలి, దానికి మాత్రం 30 రోజులే. తీర్పు రోజునే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. కాపీ తయారవడానికి పట్టిన రోజులు గడువులోంచి మినహాయిస్తారు.

అపోహ: "పెద్దల సమక్షంలో ఇచ్చేశాను, అందరూ చూశారు."

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఒకాయన బస్టాండ్ దగ్గర మాజీ భార్య అన్న చేతికి విడతలుగా నగదు ఇచ్చాడు, రసీదు అడగలేదు. "బావమరిది కదా సార్, ఏం అడుగుతాం" అన్నాడు. తర్వాత మొత్తం సొమ్ముకి అమలు పిటిషన్ వచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 21 రూల్ 2 ప్రకారం కోర్టులో నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు గుర్తించదు. అవతలివాళ్లు ఒప్పుకుంటే సరే, లేకపోతే మీ దగ్గర కాగితం ఉండాలి. నమోదు చేయమని 30 రోజుల్లో అడగాలి. కాబట్టి బ్యాంకు ద్వారానే పంపండి, కేసు నంబరు రాసి పంపండి. లేదా కోర్టులోనే కట్టండి.

అపోహ: "జీతమంతా పట్టుకుపోతారు, జైల్లో వేస్తారు."

వాస్తవం: మామూలు బాకీ డిక్రీకి మొదటి 1,000 రూపాయలు, మిగతాదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోరు. లెక్కలోకి వచ్చే జీతం 31,000 అయితే 10,000 వరకే జప్తు. ఒకే డిక్రీ కింద అలా మొత్తం 24 నెలలు పోయాక ఆ డిక్రీకి జీతం జోలికి రాకూడదు. భరణం డిక్రీ అయితే లెక్క వేరు, అక్కడ మూడింట రెండు వంతుల దాకా పోతుంది. డబ్బు డిక్రీకి ఆడవాళ్లను అరెస్టు చేయరు. మగవాళ్లనైనా కేవలం కట్టలేనందుకు జైలుకి పంపకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఉండీ ఎగ్గొడితే 3 నెలల దాకా ఉంటుంది. బయటికొచ్చాక బాకీ అలాగే ఉంటుంది.

అపోహ: "ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లిపోతే ఒడిశా డిక్రీ ఏం చేస్తుంది?"

అక్కడి కోర్టుకి బదిలీ అవుతుంది. అమలుకి 12 ఏళ్ల గడువుంది.