జవాను మీద కేసు పడితే లాయర్‌ని ఎవరు పెట్టాలి? రెండు వందల ఏళ్ళ నేపథ్యం

హైదరాబాద్ వాళ్ళకి ఆర్మీ అంటే ఎక్కడో బోర్డర్‌లో ఉండే సంగతి కాదు. తిరుమలగిరిలో ఏఓసీ సెంటర్, సికింద్రాబాద్‌లో ఈఎంఈ, గోల్కొండ పక్కన ఆర్టిలరీ సెంటర్, దుండిగల్‌లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, హకీంపేటలో ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. నగరంలో సగం మందికి బంధువుల్లోనో వీధిలోనో ఒక ఫౌజీ ఉంటాడు. అందుకే ఈ ప్రశ్న ఇక్కడ తరచూ వినపడుతుంది: "మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడన్నా, ఇక్కడ కేసు పెట్టారు, మిలిటరీ వాళ్ళే లాయర్‌ని పెట్టుకుంటారు కదా?"

డ్యూటీతో సంబంధం లేని కేసైతే పెట్టరు. మరి ప్రభుత్వం ఇచ్చే ఉచిత న్యాయ సహాయం, అదే లీగల్ ఎయిడ్? అదీ చాలామందికి రాదు. ఎందుకు రాదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి, ఎందుకంటే ఇది ఎవరో ఒకరు కావాలని చేసిన అన్యాయం కాదు. సైన్యానికి వేరే చట్టం రాసినవాళ్ళు ఒక దారిన, పేదలకి లాయర్‌ని ఇవ్వాలని చట్టం రాసినవాళ్ళు ఇంకో దారిన వెళ్ళారు. జవాను సంగతి అవతలివాళ్ళు చూసుకుంటారని ఇద్దరూ అనుకున్నట్టున్నారు.

సిపాయిల విచారణ అంటే మొదట్లో ఎలా ఉండేదో చెప్పడానికి 1806 చాలు. సికిందర్ జా పేరుతో సికింద్రాబాద్ ఏర్పడిన సంవత్సరమే అది. మద్రాసు సైన్యంలో కొత్త తలపాగా పెట్టుకోవాలని, నుదుటి బొట్టు తీసేయాలని, గడ్డాలు కత్తిరించుకోవాలని ఉత్తర్వులొచ్చాయి. వేలూరులో తలపాగా వద్దన్న సిపాయిల్ని కోర్ట్ మార్షల్ చేసి, అంటే సైన్యం సొంత కోర్టులో విచారించి, ఒక హిందువుకీ ఒక ముస్లింకీ చెరో 900 కొరడా దెబ్బలు వేశారు. రెండు నెలలకి అక్కడ తిరుగుబాటు లేచింది. అదే జులైలో హైదరాబాద్ దళంలోనూ అలజడి మొదలైతే ఇక్కడి కమాండర్ మాంట్రెసర్ ఆ ఉత్తర్వుల్ని వెనక్కి తీసుకుని బయటపడ్డాడు. సిపాయి తరఫున వాదించే మనిషి ఒకడుండాలన్న ఆలోచన కూడా ఆ రోజుల్లో లేదు.

1857 తర్వాత తెల్లవాళ్ళకి పట్టుకున్న భయంలోంచి పుట్టింది సమ్మరీ కోర్ట్ మార్షల్. క్రమశిక్షణ చెయ్యిజారకుండా అక్కడికక్కడే తేల్చేయాలన్నది ఉద్దేశం. ఇది ఇవాళ్టికీ ఉంది, అదీ అసలు విచిత్రం. యూనిట్ కమాండింగ్ ఆఫీసరే, అంటే సీవోనే, జడ్జి. పక్కన ఇద్దరు ఆఫీసర్లో జేసీఓలో (సుబేదార్ లాంటి జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) కూర్చుంటారు గానీ తీర్పులో వాళ్ళ మాట ఉండదు. సీవో లెఫ్టినెంట్ కల్నల్ స్థాయివాడైతే ఏడాది దాకా జైలు వేయొచ్చు, ఉద్యోగంలోంచి తీసేయొచ్చు. ఆఫీసర్లనీ జేసీఓలనీ ఇందులో విచారించరు, ఇది కింది ర్యాంకులకి మాత్రమే.

లాయర్ సంగతి ఇక్కడే చూడండి. 1954 ఆర్మీ రూల్స్‌లో 129వ రూల్ ప్రకారం నిందితుడు తనకి సాయంగా ఒకర్ని తెచ్చుకోవచ్చు, ఆ మనిషి వకీలైనా సరే. కానీ ఆయన సాక్షిని ఒక్క ప్రశ్న కూడా అడగకూడదు, కోర్టునుద్దేశించి ఒక్క మాట మాట్లాడకూడదు. ఏ ప్రశ్న అడగాలో జవాను చెవిలో చెప్తే జవానే లేచి అడగాలి. అవతల ఉన్నది ఎవరు? తన హవల్దారో సుబేదారో. జడ్జి స్థానంలో ఉన్నది రేపు లీవ్ మంజూరు చేయాల్సిన, ప్రమోషన్ చూడాల్సిన సీవో. ఇంటర్ అవగానే భర్తీ ర్యాలీలో పరిగెత్తి సెలెక్టైన పాతికేళ్ళ కుర్రాడు ఆ గదిలో తన సుబేదార్‌ని క్రాస్ ఎగ్జామిన్ చేస్తాడని రూల్ రాసినవాళ్ళు నిజంగానే అనుకున్నారో లేదో మరి.

ఇది ఎంత దూరం వెళ్తుందో సుప్రీంకోర్టు 1987లో తేల్చిన రంజిత్ ఠాకూర్ కేసు చూపించింది. ఆయన సిగ్నల్‌మ్యాన్. పై అధికారి మీద ఇంకా పైవాళ్ళకి ఫిర్యాదు పంపినందుకు 28 రోజుల శిక్ష పడింది. ఆ శిక్షలో ఉండగా అన్నం తినమంటే తిననన్నాడని, అది ఆజ్ఞాధిక్కారమని సమ్మరీ కోర్ట్ మార్షల్ పెట్టి ఏడాది జైలు, డిస్మిసల్ వేశారు. ఆయన ఎవరి మీద ఫిర్యాదు చేశాడో ఆ అధికారే ఆ కోర్టులో కూర్చున్నాడు! సుప్రీంకోర్టు పక్షపాతం ఉందనీ, తప్పుకీ శిక్షకీ పొంతన లేదనీ చెప్పి మొత్తం కొట్టేసింది. ఆ తీర్పుని ఇప్పటికీ ప్రతి సర్వీస్ లాయరూ ఉదహరిస్తాడు. మొదటి రోజే ఒక వకీలు లేచి "ఈయన ఈ కేసు వినకూడదు" అనే వీలుంటే అంతదాకా వచ్చేది కాదేమో.

సైనికులకి లాయర్లు బారులు తీరిన సందర్భం మన చరిత్రలో ఒకటుంది, 1945 నవంబర్‌లో ఎర్రకోటలో జరిగిన ఐఎన్ఏ (నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్) విచారణ. షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్ ముగ్గురినీ 1911 ఇండియన్ ఆర్మీ యాక్ట్ కింద కోర్ట్ మార్షల్ చేస్తే, కాంగ్రెస్ డిఫెన్స్ కమిటీ వేసింది, భూలాభాయ్ దేశాయ్ వాదించారు, తేజ్ బహదూర్ సప్రూ, కాట్జూ, అసఫ్ అలీ పక్కన నిలబడ్డారు, నెహ్రూ ఎన్నో ఏళ్ళ తర్వాత నల్లకోటు తొడిగారు. శిక్ష పడింది గానీ కమాండర్ ఇన్ చీఫ్ ఆకిన్‌లెక్ యావజ్జీవాన్ని అమలు చేయలేక రద్దు చేశాడు. ఐఎన్ఏలో మన హైదరాబాద్ మనిషి ఆబిద్ హసన్ ఉన్నాడు కాబట్టి ఈ ఊళ్ళోనూ ఆ కథ బాగానే తెలుసు. కానీ గమనించండి, ఆ లాయర్లని ఇచ్చింది చట్టం కాదు, ప్రజలు. మామూలు సిపాయి కేసుకి అలాంటి కమిటీలు ఎవరు వేస్తారు?

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో ఆర్మీ యాక్ట్, ఎయిర్‌ఫోర్స్ యాక్ట్ వచ్చాయి, 1957లో నేవీ యాక్ట్. పాత 1911 చట్టం అస్థిపంజరం అలాగే ఉండిపోయింది. నచ్చిన లాయర్‌ని పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22వ అధికరణంలో ఉంది గానీ, సైన్యం విషయంలో ప్రాథమిక హక్కుల్ని తగ్గించే వీలు 33వ అధికరణం పార్లమెంటుకి ఇచ్చింది. కొంతమంది ఆఫీసర్లు కలిసి విచారించే జనరల్, డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్‌లో పరిస్థితి కొంత నయం: డిఫెండింగ్ ఆఫీసర్ కావాలా అని నిందితుడిని అడగాలి, కావాలంటే వెతికి ఇవ్వాలి, అనుమతి ఉంటే బయటి లాయర్ కూడా వాదించొచ్చు. అయితే ఆ డిఫెండింగ్ ఆఫీసర్ లా చదివి ఉండాలని లేదు, ఏ యూనిట్ నుంచో వచ్చిన మేజర్ కావచ్చు. లా చదివిన ఆఫీసర్లుండే జాగ్ బ్రాంచ్ పని కేసు పెట్టే అధికారికి సలహా చెప్పడం, కోర్టుకి చట్టం వివరించడం. బయటి లాయర్ ఫీజు జవాను జేబులోంచే.

ఇంతకీ కేసు ఏ కోర్టుకి వెళ్తుంది? ఇదో పెద్ద చిక్కు, కుటుంబాలు టెన్షన్ పడేది ఎక్కువ ఇక్కడే. మామూలు నేరమైనా సరే, ఆర్మీ కోర్టు విచారించాలా సివిల్ కోర్టా అన్నది ఆర్మీ యాక్ట్ 125వ సెక్షన్ కింద ముందు మిలిటరీ అధికారి తేలుస్తాడు. కోర్టు ఒప్పుకోకపోతే కేంద్రం చెప్పాలి. పౌరుల హత్య, అత్యాచారం లాంటివి మాత్రం యాక్టివ్ సర్వీస్‌లోనో దేశం బయటో కేంద్రం నోటిఫై చేసిన సరిహద్దు పోస్టులోనో జరిగితే తప్ప కోర్ట్ మార్షల్‌కి వెళ్ళవు. 1978 రూల్స్ ప్రకారం మేజిస్ట్రేట్ సీవోకి నోటీసిచ్చి 15 రోజులు ఆగాలి. ఆ 15 రోజులూ ఇంట్లోవాళ్ళకి ఏం చేయాలో తోచదు. నాంపల్లి కోర్టులో వకాలత్ వేయించాలా, యూనిట్‌కి ఫోన్ చేయాలా? రెండు చోట్లా "ఇంకా ఆర్డర్ రాలేదు" అనే అంటారు.

ఆస్తి తగాదాలైతే జవానుకి పాతకాలం నుంచే రక్షణ ఉంది, అదీ నాకు ఆశ్చర్యం. 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ యాక్ట్ ప్రకారం, యుద్ధం లాంటి ప్రత్యేక పరిస్థితుల్లో పనిచేస్తున్న సైనికుడి మీద సివిల్, రెవెన్యూ దావా ఉంటే అతను లేకుండా నడపకుండా ఆపొచ్చు. ఆర్మీ యాక్ట్ 32వ సెక్షన్ ఇంకో మంచి పని చేసింది: లీవ్ సర్టిఫికెట్ చూపిస్తే ఆ లీవ్‌లోనే కేసు తేల్చడానికి కోర్టు వీలైనంత ప్రయత్నించాలి. అంటే పొలం పోతుందని తెల్లదొరలు కూడా ఆలోచించారు. క్రిమినల్ కేసులో లాయర్ లేకపోతే ఏంటన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఇక రెండో దారి. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోకి 39ఏ అధికరణం వచ్చింది, డబ్బు లేక ఎవరికీ న్యాయం దూరం కాకూడదని. హోస్కోట్, హుస్సేనారా ఖాతూన్ కేసుల్లో సుప్రీంకోర్టు తీర్పులు ఉచిత లాయర్‌ని హక్కుగా నిలబెట్టాయి. 1987లో లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ వచ్చింది, అమల్లోకి రావడానికి 1995 నవంబర్ 9 దాకా పట్టింది. అందులో 12వ సెక్షన్ ఎవరికి ఇవ్వాలో చెప్తుంది: ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, విపత్తు బాధితులు, కస్టడీలో ఉన్నవాళ్ళు, ఆదాయం తక్కువున్నవాళ్ళు, ఇంకా కొందరు. సైనికుడు అనే మాట ఆ జాబితాలో లేదు.

లెక్క వేసి చూద్దాం. తెలంగాణలో ఆదాయ పరిమితి ఏడాదికి 3 లక్షలు. ఏడో పే కమిషన్‌లో సిపాయి మూలవేతనం నెలకి 21,700, మిలిటరీ సర్వీస్ పే 5,200. రెండూ కలిపి ఏడాదికి 3,22,800. డీఏ కలపకముందే పరిమితి దాటిపోయింది! అగ్నివీర్ కాగితం మీద మొదటి ఏడాది నెలకి 30,000, చేతికొచ్చేది 21,000, మిగతాది సేవానిధి అనే పొదుపు నిధికి పోతుంది. ఏ అంకె చూడాలన్నది అప్లికేషన్ తీసుకున్న గుమాస్తా మూడ్ మీద ఉండకూడదు కదా.

మధ్యలో కాస్త వెలుతురు వచ్చిన మాట నిజం. 1982లో పృథీపాల్ సింగ్ బేడీ కేసులో సుప్రీంకోర్టు, కోర్ట్ మార్షల్ మీద కనీసం ఒక్క అప్పీలైనా లేకపోవడమేంటని అడిగింది. 1999లో లా కమిషన్ 169వ నివేదిక ట్రిబ్యునల్ కావాలంది. 2007లో చట్టం, 2009 ఆగస్టులో ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ మొదలయ్యాయి. మనకి మాత్రం అది చెన్నై బెంచ్. ఇంత మిలిటరీ ఉన్న సికింద్రాబాద్‌కి రెగ్యులర్ బెంచ్ లేదు. 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పుతో హైకోర్టు దారి దాదాపు మూసేసింది, 2023 మార్చిలో పరశోతం దాస్ కేసులో మళ్ళీ తెరిచింది. అంటే ట్రిబ్యునల్ తీర్పు మీద తెలంగాణ హైకోర్టులో రిట్ వేయొచ్చు. దానికీ లాయర్ కావాలి, ఫీజు కావాలి.

బయట ఇలా లేదు. అమెరికాలో 1950 నాటి మిలిటరీ కోడ్ నుంచే జనరల్ కోర్ట్ మార్షల్‌లో జీతంతో పని లేకుండా ఉచితంగా యూనిఫాం వేసుకున్న లాయర్‌ని ఇస్తారు. బ్రిటన్‌లో సైనికుల క్రిమినల్ కేసుల లీగల్ ఎయిడ్ చూడటానికే మూడు దళాలకి కలిపి ఒక ఆఫీసు ఉంది, స్తోమత ఉన్నవాళ్ళు కొంత వాటా కట్టాలి. మనకి కోర్ట్ మార్షల్ నేర్పింది వాళ్ళే, వాళ్ళు తర్వాత దిద్దుకున్నది మాత్రం మనం తెచ్చుకోలేదు.

2025 జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజు, శ్రీనగర్‌లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వీర్ పరివార్ సహాయతా యోజన ప్రారంభించింది. సైనికుల సంక్షేమం చూసే సైనిక్ బోర్డుల్లో లీగల్ సర్వీసెస్ క్లినిక్‌లు పెట్టి, బోర్డర్‌లో ఉన్న జవాను కుటుంబానికి భూమి తగాదాలూ ఇంటి గొడవల్లాంటి వాటిలో సాయం చేయాలన్నది ఆలోచన. మంచి పనే, ఆలస్యమైనా. కానీ దాని చూపు ఎక్కువగా ఇంటి వైపు. జవానే నిందితుడైతే మళ్ళీ 12వ సెక్షన్ దగ్గరికే రావాలి.

ఆ సెక్షన్ ప్రకారం, భార్య కేసు పెడితే మహిళగా ఆమెకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ వస్తారు, రావాల్సిందే. జవాను ఎస్సీ, ఎస్టీ అయితే అతనికీ వస్తారు. మిగతావాళ్ళకి అరెస్టై కస్టడీలోకి వెళ్ళాక వస్తారు, అరెస్టుకి ముందు బయట ఉండగా మాత్రం రారు. పైగా ఆ కస్టడీ రోజుల జీతం, తర్వాత శిక్ష పడితే, ఆర్మీ కోసేసుకుంటుంది. ఇంకో ముడి కూడా ఉంది: చట్టం కస్టడీ అన్నప్పుడు జువెనైల్ హోమ్, మానసిక ఆసుపత్రి పేర్లు చెప్పింది, యూనిట్‌లోనే నిందితుడిని బంధించి ఉంచే క్వార్టర్ గార్డ్ ఊసెత్తలేదు. నా లెక్కలో అదీ కస్టడీయే, అక్కడ కూర్చోబెట్టిన మనిషి తనంతట తాను లేచి బయటికి పోలేడు. కాబట్టి క్వార్టర్ గార్డ్‌లో ఉన్నా లీగల్ ఎయిడ్ హెల్ప్‌లైన్ 15100కి ఇంట్లోవాళ్ళు ఫోన్ చేయాలి, పురానీ హవేలీలోని లీగల్ ఎయిడ్ ఆఫీసు న్యాయ సేవా సదన్‌లో అప్లికేషన్ ఇవ్వాలి, కుదరదంటే ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మనాలి. హైకోర్టు ముందు ఈ ముడి విప్పించాలంటే ముందు ఆ కాగితం చేతిలో ఉండాలి.