నాయన తాగితే కొడుక్కీ వస్తుందా? ఒక పాత వాదన వెనక కథ

చిత్తూరు, తిరుపతి వైపు పెళ్లి సంబంధం కుదిరే ముందు ఒక విచారణ జరుగుతుంది. పిల్లోడి ఉద్యోగం, జీతం, ఇల్లు, పొలం అన్నీ అడిగాక పేరయ్యను పక్కకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి అడుగుతారు: "తాగుతాడా?" తాగడని తేలినా అక్కడితో ఆగరు. "మరి వాళ్ల నాయన?" నాయన కూడా మంచోడే అయితే అబ్బ దాకా పోయే మేనమామలున్నారు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అన్నది వాళ్ల లెక్క. అదే పిల్లోడు పెళ్లయిన కొన్నేళ్లకు రోజూ తూలుతూ ఇంటికొస్తుంటే ఇంకో సామెత బయటికి తీస్తారు: మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఈసారి వేలు తల్లి వైపు తిరుగుతుంది, గారాబం చేసి చెడగొట్టిందని. నాయన రక్తమో, అమ్మ పెంపకమో. నేరం ఎటు తిరిగినా ఆ ఇంటి గడప దాటదు.

ఈ పంచాయితీ మన రచ్చబండల దగ్గరే ఆగలేదు. దీని మీద డాక్టర్లు, ప్రభుత్వాలు రెండు వందల ఏళ్లకు పైగా తలపట్టుకుంటున్నారు. 1784లో అమెరికాలో బెంజమిన్ రష్ అనే డాక్టర్ విపరీతమైన తాగుడును జబ్బుగా చూడాలని రాశాడు. 1849లో స్వీడన్ డాక్టర్ మాగ్నస్ హుస్ దానికి 'ఆల్కహాలిజం' అని పేరు పెట్టాడు. పేరైతే దొరికింది, కారణం దొరకలేదు. 19వ శతాబ్దం చివరికి యూరప్, అమెరికాల్లో 'చెడ్డ రక్తం' సిద్ధాంతం బలపడింది. తాగుబోతు పిల్లలు తాగుబోతులే అవుతారు కాబట్టి వాళ్లకు పిల్లలే పుట్టకుండా చేయాలని వాదించిన చదువుకున్నవాళ్లు తక్కువేమీ లేరు. అది మాటలతో పోలేదు. 1933లో నాజీ జర్మనీ తెచ్చిన నిర్బంధ సంతాన నిరోధక చట్టంలో తీవ్రమైన తాగుడు కూడా ఒక కారణంగా చేరింది. ఆ ఘోరం చూశాక, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వారసత్వం మాట ఎత్తడానికే చాలామంది జంకారు. వాదన పెంపకం వైపు ఒరిగింది. రక్తం మీద వేసిన నింద తీసి తల్లిదండ్రుల మీద, ముఖ్యంగా తల్లి మీద పెట్టారు.

ఇక్కడ మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. చిత్తూరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో భాగం. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద సారా, కల్లు అమ్ముకునే హక్కులతో సర్కారుకు మంచి ఆదాయం వచ్చేది. 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చి, అక్టోబరు 1న సేలంలో మద్య నిషేధం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది దాన్ని చిత్తూరు, కడప జిల్లాలకు పెంచింది. మద్యం మీద పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. దేశంలో ఆ తరహా పన్నుల్లో అదే మొదటిది. అంటే కిరాణా కొట్టు బిల్లులో మనం కట్టే పన్ను వంశవృక్షం వెతికితే, పైన ఎక్కడో మూసేసిన సారా దుకాణం ఒకటి కనిపిస్తుంది.

రాజాజీ లెక్కలో రక్తానికి, పెంపకానికి పెద్దగా చోటు లేదు. దుకాణం తీసేస్తే తాగుడు పోతుందన్నది ఆయన నమ్మకం. యుద్ధ కాలంలో నిషేధం పక్కకు పోయి, 1948లో రాష్ట్రమంతటికీ వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకా కొనసాగింది. మరుసటి ఏడాది నవంబరులో ఈ మద్య నిషేధం గొడవ మీదే టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. నిషేధం ఉన్న రోజుల్లో ఈ జిల్లాలో ఎవరూ తాగలేదంటే మాత్రం నేను నమ్మను. చెరకు పండే నేల ఇది, బెల్లానికి కొదవ లేదు. అడవి పక్కన రెండు కుండలు, కాస్త బెల్లం ఊట, పొయ్యి ఉంటే నాటుసారా తయారు. దొంగచాటున కాచిన సారాకు ఒక ఇబ్బంది ఉంది, దాన్ని వెతుక్కుంటూ పోవాలి. బస్టాండు పక్కనే వైన్‌షాపు ఉన్నప్పుడు ఆ కష్టం లేదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి, మళ్లీ అవసరం పడుతుంది.

శాస్త్రం వైపు అసలు మలుపు డెన్మార్క్‌లో వచ్చింది. తాగే తండ్రి ఇంట్లో పెరిగిన కొడుకు తాగుతున్నాడంటే, అది తండ్రి ఇచ్చిన జన్యువుల వల్లా, తండ్రిని రోజూ చూడటం వల్లా అని విడదీయడం ఎట్లా? రెండూ ఒకే ఇంట్లోంచి వస్తాయి కదా. మేనరికాలు ఎక్కువున్న మన జిల్లాలో ఇది ఇంకా కష్టం. తండ్రి, మేనమామ, తాత అంతా ఒకే చుట్టరికం, ఒకే వీధి, చాలాసార్లు ఒకే అరుగు. డొనాల్డ్ గుడ్విన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు, డేనిష్ సహచరులు దీనికి దత్తత రికార్డుల్లో దారి వెతికారు. తాగుడుకు బానిసైన తల్లికో తండ్రికో పుట్టి, ఆరు వారాల లోపే వేరే ఇంటికి దత్తత వెళ్లిన 55 మంది మగవాళ్లను పట్టుకున్నారు. అట్లాంటి చరిత్ర లేని తల్లిదండ్రులకు పుట్టి దత్తత వెళ్లిన 78 మందితో పోల్చారు. 1973లో ఫలితాలు వచ్చాయి. మొదటి గుంపులో 18 శాతం మంది తాగుడుకు బానిసలయ్యారు, రెండో గుంపులో 5 శాతం. కన్నతండ్రి ముఖం చూడనివాళ్లలో కూడా ఇంత తేడా. మరుసటి ఏడాది ఇంకో లెక్క తీశారు. దత్తత వెళ్లిన వాళ్లనూ, వాళ్ల సొంత అన్నదమ్ముల్లో తాగే తండ్రి దగ్గరే పెరిగినవాళ్లనూ పోల్చితే, ఇంట్లో పెరిగినవాళ్లలో బానిసలు ఎక్కువ లేరు.

ఇది వినగానే మన మేనమామలు మీసం మెలేస్తారు, "చెప్పలే!" అని. కాస్త ఆగాలి. ఆ మొదటి గుంపులోనే వందకు 82 మంది బానిసలు కాలేదు. ఆడపిల్లల మీద అదే బృందం చేసిన అధ్యయనంలో ఇంత స్పష్టమైన తేడా కనిపించలేదు. తర్వాత కవలల మీద, దత్తతల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో లెక్కగట్టిన ఒక పరిశీలన, తాగుడు వ్యసనంలో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాల్లో సుమారు సగం జన్యువులవని తేల్చింది. ఈ 'సగం' అన్న మాటను పేపర్లలో తరచూ తప్పుగా రాస్తారు. ఒకడి తాగుడులో సగం వాళ్ల నాయనదని దీని అర్థం కాదు, తాగేవాడి కొడుకుల్లో సగం మంది తాగుతారని అంతకన్నా కాదు. ఇది జనాభా మొత్తం మీద తీసిన లెక్క. పక్కింటి పిల్లోడి జాతకం ఇందులో చూడలేం.

మరి 'తాగుడు జన్యువు' ఏది? 1990లో ఒకటి దొరికిందని అమెరికాలో పెద్ద హడావిడి చేశారు. మెదడులో డోపమిన్ అనే రసాయనానికి సంబంధించిన ఆ జన్యువు గురించి చెప్పింది తర్వాతి పరిశోధనల్లో నిలబడలేదు. అట్లాంటిది ఒక్కటే ఉండదని, చిన్న చిన్న ప్రభావాలున్న జన్యువులు ఎన్నో కలిసి పనిచేస్తాయని ఇప్పుడు తెలుసు. గట్టిగా తేలినవి కాలేయంలో మద్యాన్ని విరగ్గొట్టే ఎంజైములవి. మద్యం ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, ఆ తర్వాత విరిగిపోతుంది. జపాన్, చైనా, కొరియాల్లో చాలామందికి ఆ రెండో పని సరిగ్గా జరగదు. ఒక గుక్కకే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడుతుంది. వాళ్లలో బానిసలయ్యేవాళ్లు తక్కువ. మనవాళ్లలో ఆ మార్పు చాలా అరుదు, కాబట్టి ఆ రక్షణ మనకు లేదు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్ర చేసేది అదే పని, మద్యం తాగితే ఒళ్లు ఎదురు తిరిగేలా చేస్తుంది. 1940ల్లో ఇద్దరు డేనిష్ పరిశోధకులు దాన్ని కడుపులో నులిపురుగులకు మందుగా తమ మీదే పరీక్షించుకుంటూ, మధ్యలో మద్యం తాగి అవస్థ పడి, దాని గుణం కనిపెట్టారు. ఈ మాత్రను మొగుడికి తెలియకుండా సాంబారులో కలిపి పెట్టే ఇల్లాళ్లు ఉన్నారు. వాళ్ల కడుపుమంట అర్థమవుతుంది, కానీ ఆ పని చేయొద్దు. సంగతి తెలియక ఆయన ఫుల్లుగా తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

జన్యువులు ఇంకో రూపంలోనూ పనిచేస్తాయి. మన పెళ్లిళ్ల దగ్గర దాన్ని రోజూ చూస్తాం, పట్టించుకోం. కాలిఫోర్నియాలో మార్క్ షుకిట్ అనే సైకియాట్రిస్టు తాగుబోతుల కొడుకులకూ, మిగతావాళ్లకూ ఇరవై ఏళ్ల వయసులో కొలిచిన మోతాదులో మద్యం ఇచ్చి చూశాడు. మత్తు తక్కువగా ఎక్కినవాళ్లే దాదాపు పదేళ్ల తర్వాత ఎక్కువగా బానిసలయ్యారు. మన దగ్గర కల్యాణ మంటపం వెనక, కారు డిక్కీ తెరిచి ప్లాస్టిక్ గ్లాసులు పంచే చోట, ఎవరిని మెచ్చుకుంటారు? రెండు పెగ్గులకే కక్కుకున్నవాణ్ణి ఎగతాళి చేస్తారు. "హాఫ్ కొట్టినా చెక్కుచెదర్లేదు, వాళ్ల నాయన పోలికరా వీడిది" అని రెండోవాడి భుజం తడతారు. నిజంగా భయపడాల్సింది ఆ రెండోవాడి గురించే. ఒళ్లు చేయాల్సిన హెచ్చరిక వాడికి చేయడం లేదు. మిగతావాళ్లు ఆగిపోయే చోట వాడు ఇంకో గ్లాసు నింపుకుంటాడు.

పెంపకం సంగతేంటి? స్వీడన్ రికార్డులతో 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, కన్నతండ్రి ఇంట్లో లేకుండా సవతి తండ్రి దగ్గర పెరిగిన పిల్లలను చూశారు. ఎన్నడూ కలిసి బతకని కన్నతండ్రి తాగుడు ప్రభావం ఎక్కువగా ఉంది. కలిసి బతికిన సవతి తండ్రిది తక్కువే అయినా, లేకపోలేదు. 1998లో అమెరికాలో వచ్చిన ఇంకో పెద్ద అధ్యయనం, చిన్నప్పుడు దెబ్బలు, అవమానాలు, ఇంట్లో తల్లిని కొట్టడం వంటివి నాలుగు రకాలు, అంతకన్నా ఎక్కువ చూసినవాళ్లలో పెద్దయ్యాక తాగుడు ముప్పు ఎన్నో రెట్లు పెరిగిందని చెప్పింది. అంతకు ముందు ఏడాది వచ్చిన లెక్క ఇంకా సూటిగా ఉంది. అమెరికాలో 15 ఏళ్లలోపే తాగడం మొదలుపెట్టినవాళ్లలో 40 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు బానిసలయ్యారు. 20 దాటాక మొదలుపెట్టినవాళ్లలో 10 శాతం. అందుకే "ఒక మూత పోస్తే ఏమవుద్దిలే, జలుబుకు మంచిది" అని జాతర రోజు పన్నెండేళ్ల పిల్లోడి నోట్లో బ్రాందీ పోసే చిన్నాయనల మీద నాకు తగని కోపం. సోడా, మిక్చరు తెమ్మని పిల్లల్నే పంపే నాయనల మీదా అంతే.

బెంగళూరు నిమ్హాన్స్‌లో కూడా ఈ పరిశోధన జరిగింది. చిత్తూరు, పలమనేరు, మదనపల్లె నుంచి తాగుడు మాన్పించడానికి మనుషుల్ని తీసుకుని బస్సెక్కేది అక్కడికే, కాకపోతే వేలూరు సీఎంసీకి. బానిసలైన తండ్రుల పిల్లల మెదళ్లను స్కాన్ చేసినప్పుడు, వాళ్లు తాగుడు మొదలుపెట్టక ముందే కొన్ని తేడాలు కనిపించాయి. దుడుకుతనం, ఆగలేకపోవడం అట్లాంటి పిల్లల్లో కాస్త ఎక్కువ. బడిలో వాళ్లను అల్లరి వెధవలు అంటారు, బెత్తం తీస్తారు. రక్తం మొదలుపెట్టిన పనిని పెంపకం పూర్తిచేయడమంటే ఇదేనేమో.

ఇప్పుడు దుకాణం దగ్గరికి వద్దాం. 2001లో ఫిన్లండ్ కవలల మీద వచ్చిన పరిశోధన ఒకటి నాకు మొత్తం వాదనలో కీలకంగా తోస్తుంది. టీనేజీ పిల్లల తాగుడులో పట్నాల్లో జన్యువుల పాత్ర ఎక్కువ, పల్లెల్లో ఇంటి వాతావరణం పాత్ర ఎక్కువ. మందు సులువుగా దొరికి, అడిగేవాళ్లు లేని చోట, రక్తంలో ఉన్న మొగ్గు బయటపడుతుంది. దొరకని చోట అది లోపలే ఉండిపోతుంది. అంటే 'జన్యువులా, పెంపకమా' అన్న ప్రశ్నకు జవాబు మందు ఎంత దగ్గరలో, ఎంత చవగ్గా ఉందన్న దాన్ని బట్టి కూడా మారుతుంది.

ఈ కొలతతో మన జిల్లా చరిత్ర చూడండి. 1960ల చివర్లో నిషేధం పోయింది. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సర్కారే ప్యాకెట్లలో సారా ఊరూరికీ చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఉద్యమం చిత్తూరుకూ పాకింది. వాళ్లు మొగుళ్ల వంశం గురించి అడగలేదు, అత్తల పెంపకాన్ని తప్పుపట్టలేదు, నేరుగా కొట్టు మీదికి పోయారు. 1993లో సారా రద్దయింది, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఎత్తేసింది. 2019లో జగన్ ప్రభుత్వం దుకాణాలను సర్కారు చేతిలోకి తీసుకుని రేట్లు పెంచింది. అప్పుడు కర్ణాటక సరిహద్దు దాటి ప్యాకెట్లు వచ్చాయి, నాటుసారా బట్టీలు లేచాయి. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులు తిరిగొచ్చాయి, 99 రూపాయల క్వార్టరుతో. ఇన్నేళ్లలో ఈ నేల మీది మనుషుల జన్యువులు మారలేదు. ఇవే కుటుంబాలు, ఇవే మేనరికాలు. ఇంటికీ సీసాకీ మధ్య దూరం మాత్రం మారుతూ వచ్చింది. తిరుమల కొండ మీద మద్యం పూర్తిగా నిషేధం, అలిపిరి తనిఖీల్లో సీసా దొరికితే ఊరుకోరు. కింద తిరుపతిలో అదే మనిషికి నాలుగడుగుల్లో దొరుకుతుంది.

తాగుడు మానడానికి ఈ జిల్లాలో అందరికీ తెలిసిన దారి కాణిపాకం. కోనేట్లో మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేసి, ఆ తర్వాత నిజంగానే ముట్టనివాళ్లు ఉన్నారు. దాన్ని తీసిపారేయను. అయితే ఏళ్ల తరబడి పొద్దున లేవగానే తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు ఊరుకోదు. మొదటి రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేని మనుషులు కనిపించి, ఏదేదో మాట్లాడవచ్చు. దేవుడి కోపమనో, గాలి సోకిందనో అనుకుని తాయెత్తు కట్టిస్తూ కూర్చుంటే మనిషి పోయే ప్రమాదం ఉంది. అట్లాంటివాణ్ణి ప్రమాణానికి ముందు తిరుపతి రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీలో ఒకసారి చూపించాలి. 2019లో కేంద్రం కోసం ఎయిమ్స్ చేసిన సర్వే ప్రకారం దేశంలో మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఎటు వెళ్లాలో తెలియకపోతే 14446 హెల్ప్‌లైన్ ఉంది, డబ్బులు పడవు.

ఓపీలో డాక్టర్ అడిగేవాటిలో మొదట ఈ రెండూ ఉంటాయి: మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ అలవాటుందా, మొదటిసారి ఎన్నో ఏట తాగావు? నాయన తాగేవాడని చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది అక్కడ అబద్ధం చెబుతారు. పక్కన నిలబడ్డ తల్లి కూడా తల ఊపుతుంది.