వాలు కొమ్మల వెనక

కొమ్మలు నేలదాకా జాలువారే వీపింగ్ హార్న్‌బీమ్ ఫొటో చూస్తే పెరట్లో ఒకటి పెంచాలనిపిస్తుంది. కానీ కడియం నర్సరీవాళ్ల చేత తెప్పించుకుని నాటినా, ఈ యూరప్ చెట్టు గోదావరి డెల్టాలో నిలదొక్కుకోవడం కష్టం.

మన మట్టితో దానికి పెద్ద పేచీ లేదు. బరువైన బంకమట్టినీ ఓర్చుకుంటుంది. ఇబ్బందల్లా మన చలికాలంతోనే. ఆకు రాల్చి నిద్రపోయిన మొగ్గలు మళ్లీ సరిగా విచ్చుకోవాలంటే, సున్నాకు కాస్త పైన ఉండే చలి వారాల తరబడి తగలాలి. భోగిమంట దగ్గర మనం ఎంత వణికినా, ఇక్కడ జనవరి రాత్రులు మామూలుగా 15 డిగ్రీల పైనే. ఇక వేసవిలో రాత్రుళ్లూ ఉక్కే కాబట్టి, పగలు ఆకులు తయారుచేసిన చక్కెర చాలావరకు శ్వాసక్రియకే ఖర్చయిపోతుంది.

ఇంతకీ ఆ కొమ్మలు ఎందుకు వాలతాయి? బరువుకు వంగాయనుకుంటాం గానీ, కథ కణాల్లో ఉంది. లేత కాండంలో ఒక పొర కణాల్లో పిండి రేణువులుంటాయి. కొమ్మ పక్కకు ఒరిగితే, సీసా అడుగున ఇసుక చేరినట్టు, అవి కిందికి జారతాయి. దాంతో ఆక్సిన్ అనే హార్మోను కిందివైపు ఎక్కువగా చేరి, అక్కడి కణాలు సాగి, కొన పైకి తిరుగుతుంది. కొమ్మ ముదిరాక పైవైపు ఒక ప్రత్యేకమైన చెక్క పెరిగి, దాన్ని మీదికి లాగి పట్టుకుంటుంది. ఈ ఏర్పాటులో ఎక్కడ లోపం వచ్చినా కొమ్మ వాలిపోవచ్చు. జపాన్ వాలు చెర్రీ కొమ్మలకు జిబ్బరెల్లిన్ హార్మోను ఇస్తే, ఆ లాగే చెక్క ఏర్పడి అవి నిటారుగా పెరిగాయి! జపాన్‌లోనే వాలు రకం మార్నింగ్ గ్లోరీ తీగలో మరో లోపం: ఒక జన్యువు చెడి, పిండి రేణువులుండే పొరే సరిగా ఏర్పడదు.

విత్తనం వేస్తే ఈ గుణం వస్తుందన్న నమ్మకం లేదు. అందుకే మామూలు హార్న్‌బీమ్ మొక్కకు వాలు రకం అంటు కడతారు. అంటు కింద లేచే చిగుళ్లు నిటారు రకానివి. తుంచకపోతే అవే చెట్టంతా అయి కూర్చుంటాయి. మామిడి అంట్లు పెంచినవాళ్లకు ఈ బెడద కొత్తేమీ కాదు.

వాలు కొమ్మలే ముద్దనుకుంటే, వీధుల్లో అశోక పేరుతో చలామణి అయ్యే నరమామిడి ఉండనే ఉంది. నా ఓటు మాత్రం ఎర్రటి పూల వీపింగ్ బాటిల్‌బ్రష్‌కే. ఆస్ట్రేలియాలో వాగుల ఒడ్డున పెరిగేది, కాలవగట్టు తేమకు బెదరదు. కొనేటప్పుడు కొమ్మ కత్తిరింపు నుంచి పెంచిన మొక్కే అడగండి. గింజ మొక్కలన్నీ ఒకేలా వాలవు.