పెళ్ళి పందిట్లో 200 మిల్లీసెకన్లు

ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మూడు వారాలుగా నా బల్ల మీదే ఉంది. తనకు ఆటిజం ఉందని ఆయనకు 36వ ఏట తెలిసింది. ఉద్యోగం చేస్తున్నారు, భార్య, బడికి వెళ్ళే కూతురు ఉన్నారు, ఇంట్లో పెద్దగా ఇబ్బందేమీ లేదట. "పెళ్ళికి వెళ్ళివస్తే మాత్రం రెండు రోజులు మంచం దిగలేను. అక్కడ నేను చేసేదల్లా ఎవరైనా 'బాగున్నావా' అంటే 'బాగున్నాను' అనడమే. ఇంత చిన్న పనికి అంత అలసట ఎందుకు?" అని అడిగారు. కింద, సంతకం దగ్గర, ఇంకో వాక్యం ఇరికించారు: "మా పెద్దత్తయ్య నాకు పొగరంటారు. నాకేమో ఆవిడంటే చాలా ఇష్టం."

ఆటిజం అంటే ఏమిటి, ఎలా నిర్ధారిస్తారు అన్న పాఠం ఇక్కడ మొదలుపెట్టను. అది పది చోట్ల దొరుకుతుంది. దొరికినదంతా చిన్నపిల్లల గురించే ఉంటుంది, ఆ పిల్లలు ఎన్నటికీ పెరిగి పెద్దవారు కానట్టు, పెళ్ళిళ్ళకు వెళ్ళనట్టు. నన్ను పట్టుకున్నది ఆ "బాగున్నాను" అన్న మాట. అది చిన్న పనేనా?

నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ భాషా మనోవిజ్ఞాన సంస్థ పరిశోధకులు 2009లో పది భాషల సంభాషణలను కొలిచి చూపించారు. ఒకరి ప్రశ్న ముగిసిన క్షణానికీ, ఇంకొకరి జవాబు మొదలైన క్షణానికీ మధ్య ఎంత ఖాళీ ఉంటుంది? సగటున దాదాపు 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. అన్నిటికన్నా తొందర జపనీస్‌ది, 7 మిల్లీసెకన్లు. అన్నిటికన్నా నిదానం డేనిష్‌ది, 469. ఎంత నిదానమన్నా అర సెకను దాటలేదు! అడవుల్లో, దీవుల్లో కొద్దిమందే మాట్లాడే భాషలు కూడా ఈ రెండిటి మధ్యే ఉన్నాయి. ఆ పదింటిలో తెలుగు లేదు, అది నాకు కొంత బాధే.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. ఒక బొమ్మ చూపించి దాని పేరు చెప్పమంటే నోరు తెరిచేసరికి దాదాపు 600 మిల్లీసెకన్లు పడుతుంది. చూసినదేమిటో పోల్చుకోవడానికి 175. దానికి తగిన మాటను ఏరుకోవడానికి మరో 75. ఆ మాట ధ్వనిరూపాన్ని జ్ఞాపకంలోంచి తీయడానికి 80. అక్షరాలుగా విడగొట్టి వరుసలో పెట్టడానికి 125. నాలుకకూ పెదవులకూ ఆజ్ఞలు తయారు చేయడానికి మిగిలిన 145. ఇదంతా "పిల్లి" అన్న ఒక్క మాటకు.

జవాబు 200లో రావాలి, తయారీకి 600 కావాలి. ఈ లెక్క కుదరాలంటే ఒకే దారి ఉంది: ఎదుటివారు ఇంకా మాట్లాడుతుండగానే మన జవాబు తయారీ మొదలైపోవాలి. వారి వాక్యం ఎక్కడ ముగుస్తుందో ముందే ఊహించి, ఆ చివరకు మన మొదటి అక్షరాన్ని అతికించాలి.

కోలాటం ఆడినవారికి ఇది కొత్త కాదు. ఎదుటివారి కోల వచ్చాక మీ కోల ఎత్తితే ఆలస్యమైపోతుంది. ఆ కోల ఇంకా గాలిలో ఉండగానే మీది బయలుదేరాలి, రెండూ తాళం మీద కలుసుకోవాలి. బాగా ఆడేవారు కోలను చూడరు, అది ఉండబోయే చోటును చూస్తారు. మనం రోజంతా, ఇంట్లో, కొట్లో, బస్సులో, చేతుల్లో ఏమీ లేకుండా ఆడుతున్నది ఈ కోలాటమే. ఎవరూ నేర్పలేదు కనుక అది ఆట అన్న సంగతే మనకు తెలియదు.

తెలుగులో ఇది మరీ చోద్యం. "రేపు మీ అమ్మగారింటికి వెళ్తా..." అనేదాకా వింటే ఏమి తెలిసింది? తరువాత "ను" వస్తే చెప్పేవారే వెళ్తున్నారు. "వా" వస్తే ప్రశ్న. "రట" వస్తే ఎవరో చెప్పిన కబురు. వాక్యం జాతకం దాని చివరి అక్షరంలో ఉంటుంది. మరి జపనీస్ కూడా క్రియను చివరికి నెట్టే భాషే, అయినా అందరికన్నా ముందు జవాబు చెప్పేది వారే! అంటే జనం చివరి అక్షరం కోసం కాచుకుని కూర్చోరు, వాక్యం నడుస్తుండగానే దాని అంతు పట్టేస్తారు. దేని ఆధారంతో? 2006లో డచ్ సంభాషణలతో ఒక ప్రయోగం చేశారు. స్వరంలోని హెచ్చుతగ్గులు చదును చేసి వినిపించినా శ్రోతలు వాక్యం ముగింపును సరిగ్గానే ఊహించారు. స్వరం ఉంచి మాటలు గుర్తుపట్టలేకుండా చేస్తే మాత్రం తప్పారు. ఊహకు ఊతం మాటలే, వాటి అల్లికే.

ఇక ఆటిజం దగ్గరకు వద్దాం. జర్మనీలోని కొలోన్ పరిశోధకులు 2023లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆటిస్టిక్ పెద్దలను, అంటే ఆటిజం ఉన్న పెద్దవారిని, జంటలుగా కూర్చోబెట్టి చెరొక పటం ఇచ్చారు. ఒకరి పటం ఇంకొకరికి కనబడదు. ఒకరు దారి చెప్పాలి, ఇంకొకరు గీయాలి. పాల్గొన్నవారు కొద్దిమందే, కానీ ఫలితం చూసి నేను కుర్చీలోంచి లేచాను. సంభాషణ తొలిదశలో వీరి మధ్య ఖాళీలు ఆటిజం లేని జంటలకన్నా పొడుగ్గా ఉన్నాయి. కాసేపు పోయాక ఆ తేడా మాసిపోయింది. వీరూ అదే వేగంతో వంతులు మార్చుకున్నారు. కోలాటం రాక కాదు, ఎదుటివారి చేతివాటం పట్టుబడటానికి కొన్ని చుట్లు కావలసి వచ్చింది.

ఇప్పుడు మన పెళ్ళి పందిరి ఊహించుకోండి. అక్కడ ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడతారు? "ఎప్పుడొచ్చారు? పిల్లలేరీ? చిక్కిపోయావేమిటి?" రెండు నిమిషాలు కాకుండానే ఇంకో బాబాయి వస్తారు, ఆయన వెనుక ఎప్పుడూ చూడని వదినగారు. పెళ్ళంటేనే నాలుగు గంటల పాటు సాగే తొలి నిమిషాలు! కోలాటంలో లోపలి వలయం ఒకవైపు, బయటి వలయం ఇంకోవైపు తిరుగుతూ ప్రతి దెబ్బకూ కొత్త జోడీ వచ్చే చోటు ఉంటుంది. పాఠకుడు నిలబడ్డది సరిగ్గా అక్కడ. ఆయనకు మూడు చుట్లు కావాలి, పందిరి ఒక్క దెబ్బ ఇచ్చి జోడీని మార్చేస్తుంది. ఇంట్లో ఇబ్బంది లేకపోవడానికీ ఇదే కారణమని నా నమ్మకం. భార్యతో ఆయన వేల చుట్లు తిరిగి ఉన్నారు.

పైగా సన్నాయి, డోలు, మైకు. రణగొణ ధ్వనిలో శబ్దం అప్పుడప్పుడూ తగ్గే క్షణాలుంటాయి, చాలామంది చెవులు ఆ సందుల్లోంచి మాటలను ఏరుకుంటాయి. ఆ సందుల లాభం ఆటిస్టిక్ వ్యక్తులకు తక్కువగా దక్కిందని 2004లో ఒక చిన్న ప్రయోగం చూపింది. "వెళ్తా" దాకా వినబడి, "ను"నో "వా"నో డోలు మింగేస్తే ఏమి జవాబు చెప్పాలి?

పెద్దత్తయ్యగారి పొగరు ఆరోపణకు కూడా సమాధానం ఆ పది భాషల అధ్యయనంలోనే ఉంది. జవాబు "అవును" అయినప్పుడు త్వరగా వస్తుంది, "కాదు" అయినప్పుడు ఆలస్యమవుతుంది. దాదాపు అన్ని భాషల్లోనూ ఇంతే. మనకు ఇది ఎవరూ చెప్పకుండానే తెలుసు. "సంక్రాంతికి మా ఊరు రాకూడదూ?" అని ఆవిడ అడిగారనుకోండి. ఆయన ఒక సెకను ఆగి "వస్తాను" అన్నారు. చెవికి వినబడింది "వస్తాను", మనసుకు వినబడింది ఆ సెకను. వారి ఊరికి ఏ బస్సులో వెళ్ళాలో, మేడ మీద పడుకోనిస్తారో లేదో నిజాయితీగా ఆలోచించి ఒప్పుకున్నందుకు ఆయనకు దక్కింది పొగరుబోతు బిరుదు! మొహమాటానికి ఠక్కున "తప్పకుండా వస్తాం" అని, ఆ తరువాత ఎన్నడూ వెళ్ళని మనలాంటివాళ్ళం మాత్రం కలుపుగోలు మనుషులం.

సెకను అంటే గుర్తొచ్చింది. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదుల టేపు రికార్డులు ముందు పెట్టుకుని ఖాళీలను కొలిచారు. ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మించి ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగమంటే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మెరుగయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివారు విప్పారు. నేను చదివిన బడిలో మూడో సెకనుకు బెత్తం వచ్చేది.

ఇక గ్రహశాంతులు. జవాబు ఆలస్యమయ్యే మనిషికి మన దగ్గర మందులు చాలానే ఉన్నాయి: దిష్టి తీయడం, తాయెత్తు, దోష పరిహారం. ఇవి డబ్బుతో పోతాయి. అన్నిటికన్నా ప్రమాదకరమైన మందు "పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అనేది. దాని ఖర్చు ఇద్దరి మీద పడుతుంది, రెండో మనిషికి ముందు ఒక్క మాట కూడా చెప్పరు.

అలసట సంగతి అడిగారు. 2017లో లండన్ పరిశోధకులు 92 మంది ఆటిస్టిక్ పెద్దలను, నలుగురిలో తమ తీరును దాచుకోవడం గురించి అడిగారు. కళ్ళలోకి చూడాలని తమకు తాము గుర్తు చేసుకోవడం, వాక్యాలు ముందే వల్లె వేసుకోవడం, ఎదుటివారి చేతుల కదలికలను అనుకరించడం, ఇలా ఎన్నో చెప్పారు. దాని తరువాత ఒళ్ళు, మనసు నీరసించిపోతాయన్న మాట మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఇతరులకు దానంతటదే జరిగిపోయే లెక్కను వీరు కాగితం, కలం పట్టుకుని చేస్తున్నట్టు ఊహించుకోండి. నాలుగు గంటలు, రెండు వందల మంది, ప్రతివారికీ కొత్త లెక్క.

అయితే ఖాళీ ఎవరిది? కోల తగలకపోతే తప్పు ఒక్కరిదే అని ఎలా అంటాం? ఆటిస్టిక్ అయిన సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఇదే వాదించారు: ఆటిస్టిక్ వ్యక్తులు ఇతరులను అర్థం చేసుకోలేకపోతున్నట్టే, ఇతరులూ వీరిని అర్థం చేసుకోలేకపోతున్నారని. 2020లో ఎడిన్‌బరో బృందం దాన్ని చెవిలో చెవిలో కథ చెప్పుకునే ఆటతో పరీక్షించింది. ఎనిమిది మంది చొప్పున గొలుసులు. అందరూ ఆటిస్టిక్ అయిన గొలుసు కథను ఆటిజం లేనివారి గొలుసంత చక్కగానే చివరికి చేర్చింది. రెండు రకాలవారినీ కలిపిన గొలుసులోనే కథ ఎక్కువగా చెదిరింది. ఈ ఫలితాన్ని నేను రెండు సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. 2025లో అదే పరిశోధకులు 311 మందితో మళ్ళీ చేస్తే కలిపిన గొలుసు కూడా మిగతావాటితో సమానంగానే నడిచింది! చప్పట్లు వెనక్కి ఇవ్వలేను కనుక ఇక్కడ రాస్తున్నాను. గొలుసు ఎవరిదైనా కబురు మాత్రం చేరుతుంది. పెద్దత్తయ్యకు కూడా "వస్తాను" అన్న కబురు చేరింది, ఆవిడ కోపం ఆ సెకను మీద.

1943లో మనోవైద్యుడు లియో కానర్ ఆటిజం గురించి రాసిన వ్యాసంలో మొదటి కేసుగా కనబడే డొనాల్డ్ ట్రిప్లెట్ గురించి ఒక్క మాట చెప్పాలి. అమెరికాలో, మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న పట్టణంలో పుట్టి, అక్కడే బ్యాంకులో పనిచేసి, గోల్ఫ్ ఆడి, దేశదేశాలు తిరిగివచ్చి, 2023లో 89 ఏళ్ళకు అక్కడే పోయారు. తెలిసినవారికి ఆయన తలా ఒక అంకె ఇచ్చేవారు. ఎదురైతే పేరుకు బదులు ఆ అంకెతోనే పిలిచేవారు. పట్టణం దానికి అలవాటు పడిపోయింది. దశాబ్దాల తరబడి అదే జోడీలు, అదే వలయం.

మా పాఠకుడికి అంత సౌకర్యం లేదు, ఆయన బంధువులు మూడు జిల్లాల్లో ఉన్నారు. నేను పైదంతా రాసి పంపితే మొన్న జవాబు వచ్చింది. గత వారం మరదలి పెళ్ళిలో ఆయన ముహూర్తం వేళ దాటగానే భోజనాల దగ్గరకు వెళ్ళి, వడ్డించేవారి చేతిలోంచి నెయ్యి గిన్నె తీసుకున్నారట. మూడు బంతులకూ తనే వడ్డించారు. "నెయ్యి వెయ్యమంటారా?" "కొంచెం వెయ్యండి." "చాలా?" "చాలు." ఎక్కడ మొదలో, ఎక్కడ చివరో ముందే తెలిసిన నాలుగు మాటలు. జవాబు ఆలస్యమైనా పరవాలేదు, ఎదుటివారి నోట్లో ముద్ద ఉంది. ఇంటికి వచ్చి ఆ రాత్రి మామూలుగానే నిద్రపోయారు.

మూడో బంతిలో పెద్దత్తయ్య కూర్చున్నారట. రెండు గరిటెలు వేయించుకుని, పక్కావిడతో, ఈయన వింటుండగానే, "చూశావా, అల్లుడు ఎంత కలుపుగోలుగా మారిపోయాడో" అన్నారట.