మంచాలు లెక్కపెట్టి చేరండి: నర్సింగ్ కాలేజీలపై అపోహలు - వాస్తవాలు

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చినప్పటి నుంచి నర్సింగ్ కౌన్సెలింగ్ అయ్యేదాకా నా ఫోన్‌కు తీరిక ఉండదు. మా వార్డు ఆయమ్మ చెల్లెలి బిడ్డ, మిర్యాలగూడలో మా బంధువుల పక్కింటి అమ్మాయి, ఎవరు చేసినా అడిగేది ఒక్కటే: "మేడం, ఏ కాలేజీ మంచిది?" నల్లగొండలో పదిహేనేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి, ఇప్పుడు విద్యార్థులకు వార్డు పాఠాలు చెబుతున్నాను. ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకోవడం తేలికే. కానీ ఆ ప్రశ్న వెనక కొన్ని అపోహలు గట్టిగా పాతుకుపోయి ఉంటాయి. ముందు వాటి సంగతి చూడాలి.

అపోహ: బీఎస్సీ చేస్తేనే సర్కారు కొలువు, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) దండగ.

వాస్తవం: రాష్ట్రంలో 2024 సెప్టెంబరులో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. దానికి బీఎస్సీ వాళ్లూ, జీఎన్ఎం వాళ్లూ ఇద్దరూ అర్హులే. రాతపరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ కింద చేసిన సర్వీసుకు 20 దాకా వెయిటేజీ. తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కూడా ఇద్దరికీ ఉంటుంది.

తేడా వేరేచోట వస్తుంది. ఎయిమ్స్ ఉద్యోగాల కోసం పెట్టే నార్సెట్ పరీక్షకు బీఎస్సీ అయినవాళ్లు నేరుగా కూర్చోవచ్చు. జీఎన్ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. ఎమ్మెస్సీ చేయాలన్నా, కాలేజీలో పాఠాలు చెప్పాలన్నా బీఎస్సీ తప్పదు. జీఎన్ఎం మూడేళ్లు, ఆపైన జీఎన్ఎం వాళ్లు డిగ్రీ తెచ్చుకునే పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు కలిపితే ఐదేళ్లు. నేరుగా బీఎస్సీ నాలుగేళ్లే. అందుకని బైపీసీ చదివి, ర్యాంకు అందుబాటులో ఉంటే బీఎస్సీకే వెళ్లమంటాను. ఇంట్లో పరిస్థితి బాగోలేదు, మూడేళ్లలో జీతం ఇంటికి రావాలి అంటే జీఎన్ఎం చేయండి, చిన్నతనం ఏమీ లేదు. దానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా తీసుకుంటారు. బీఎస్సీకి మాత్రం ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండి తీరాలి. వాటిలో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు కావాలి.

అపోహ: బిల్డింగ్ పెద్దది, ల్యాబ్‌లో సూదులు వేయడం నేర్చుకునే మనిషి బొమ్మలు కొత్తవి, కాబట్టి కాలేజీ మంచిది.

వాస్తవం: బొమ్మకు నరం దొరకని సమస్య ఉండదు. భయపడి చెయ్యి లాక్కోదు, "ఇంకో సిస్టర్‌ను పిలువు" అని కసరదు.

కిందటేడు ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ పాసైన అమ్మాయి మా దగ్గర డ్యూటీలో చేరింది. డాక్టరు గారు 500 ఎం.ఎల్. సెలైన్ 8 గంటల్లో ఎక్కించమని రాశారు. "నిమిషానికి ఎన్ని చుక్కలు పెడతావమ్మా?" అంటే నా ముఖం చూసింది. సెలైన్ ఎక్కించే గొట్టం (సెట్) ప్యాకెట్ మీద 20 చుక్కలకు ఒక ఎం.ఎల్. అని రాసే ఉంది. 500ను 20తో హెచ్చవేసి 480 నిమిషాలతో భాగిస్తే దగ్గర దగ్గర 21. లెక్క రాక కాదు, కాగితం ఇస్తే చేసేసింది. ఒక చేత్తో చుక్కల వేగం సరిచేసే రోలర్ తిప్పుతూ, ఇంకో చేతి వాచీ చూస్తూ చుక్కలు లెక్కపెట్టిన రోజు మాత్రం నాలుగేళ్లలో ఆమెకు ఒక్కటీ లేదు. వార్డులో చేసిన పనులు రాసే లాగ్‌బుక్ తెరిస్తే అన్ని పనుల పక్కనా సంతకాలు నిండుగా ఉన్నాయి.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బీఎస్సీ కాలేజీకి 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలి. ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల లెక్కన ఉండాలి. పదిమంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలి. కాగితం మీద అన్నిచోట్లా ఇవి ఉంటాయి. అందుకే అడ్మిషన్ కౌంటర్‌కు వెళ్లే ముందు, ఆదివారం కాని రోజు చూసుకుని, పొద్దున 8 గంటలకు ఆ ఆసుపత్రికి వెళ్లండి. జనరల్ వార్డులో మంచాలు లెక్కపెట్టండి. తర్వాత రోగులను లెక్కపెట్టండి. యూనిఫాంలో ఉన్న పిల్లలు ఏం చేస్తున్నారో చూడండి. బీపీ చూస్తున్నారా, గోడవారగా నిలబడి కేస్ షీట్లు కాపీ చేసుకుంటున్నారా?

ఈ మాట అచ్చంపేట నుంచి వచ్చిన ఒక తండ్రికి చెబితే ఆయన నిజంగానే వెళ్లాడు. అక్కడి నుంచే ఫోన్: "మేడం, వార్డుల నలభై మంచాలున్నయి. పండుకున్నోళ్లు ఆరుగురే. అండ్ల ఒకాయన వాచ్‌మన్." ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను.

ఇంకో చిక్కు ఉంది. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాక ఈ జిల్లా ఆసుపత్రులు బోధనాసుపత్రులయ్యాయి. కేసులకు కొదవ లేదు. అందుకే సొంత ఆసుపత్రిలో రోగులు లేని కాలేజీలు కూడా పిల్లలను సర్కారు దవాఖానకే పంపుతాయి. ఒకే వార్డుకు మూడు కాలేజీల బస్సులు వస్తే ఒక్క క్యాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) చుట్టూ పదిమంది తలలు పెట్టి చూడటమే మిగులుతుంది. కాబట్టి "ఏ ఆసుపత్రికి పంపుతారు?" అని అడిగి ఊరుకోకండి. "ఆ వార్డుకు ఇంకా ఏయే కాలేజీలు వస్తాయి? లేబర్ రూమ్ పోస్టింగ్ ఎన్ని వారాలు? వెంట టీచర్ వస్తారా, పిల్లలను దించేసి బస్సు వెళ్లిపోతుందా?" అనీ అడగండి. సమాధానం ఆఫీసులో కంటే హాస్టల్ గేటు దగ్గర మూడో సంవత్సరం అమ్మాయి బాగా చెబుతుంది.

ఊళ్లలో కమ్యూనిటీ పోస్టింగ్ గురించి కూడా ఆమెనే అడగండి. మర్రిగూడ వైపు ఇల్లిల్లూ తిరిగి, ఫ్లోరైడ్‌తో వంగిపోయిన నడుములు చూసివచ్చిన విద్యార్థికి ఫ్లోరోసిస్ పాఠం మళ్లీ చదవాల్సిన పని ఉండదు.

అపోహ: బెంగళూరులోనో రాయచూరులోనో చేరితే కాలేజీకి పోకపోయినా డిగ్రీ వస్తుంది.

వాస్తవం: గద్వాల, నారాయణపేట వైపు ఏజెంట్ల నోట ఎక్కువగా వినిపించే మాట ఇది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021 సిలబస్ దేశమంతా ఒక్కటే. పరీక్ష రాయాలంటే ప్రతి సబ్జెక్టులో 80 శాతం హాజరు, డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్, క్లినికల్ పని 100 శాతం పూర్తి కావాలి. చివరి సెమిస్టర్ అంతా ఆసుపత్రి డ్యూటీయే. "పరీక్షలకు వస్తే చాలు" అన్నాడంటే దొంగ హాజరు వేస్తామని చెప్పినట్టే. అలా వచ్చిన సర్టిఫికెట్‌తో రేపు వార్డులో నిలబడాల్సింది మీ పిల్ల, ఏజెంట్ కాదు.

కర్ణాటకలో కాలేజీలన్నీ అలాంటివని అనడం లేదు. అక్కడ శ్రద్ధగా చదివి వచ్చి మా దగ్గర చక్కగా పనిచేస్తున్నవాళ్లున్నారు. అక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను తెలంగాణకు మార్చుకునే పని మాత్రం అదనంగా పడుతుంది. సర్కారు ఉద్యోగాల్లో లోకల్ (స్థానిక అభ్యర్థి) హోదా పోతుందేమోనని కొందరికి టెన్షన్. 1 నుంచి 7వ తరగతి మధ్య కనీసం నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉంటే ఆ భయం అక్కర్లేదు.

డబ్బు సంగతి కూడా చూసుకోండి. ఇక్కడ కన్వీనర్ కోటాలో సీటు వస్తే అర్హతను బట్టి ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మేనేజ్‌మెంట్ కోటాకు ఆ సౌకర్యం లేదు.

అపోహ: నర్సింగ్ ఆడపిల్లల కోర్సు.

వాస్తవం: నార్సెట్ మగవాళ్లూ రాస్తారు, ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్లుగా చేరతారు. మా క్యాజువాలిటీలో బ్రదర్ (మగ నర్సు) డ్యూటీలో ఉన్న రాత్రి నాకు సగం ధైర్యం.

అపోహ: డిగ్రీ రాగానే జర్మనీ ఫ్లైట్.

వాస్తవం: జర్మనీకి భాష నేర్చుకోవాలి, అదీ బీ2 స్థాయి దాకా. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఆ శిక్షణ ఇప్పిస్తుంది. ఏజెంటుకు డబ్బు కట్టే ముందు అక్కడ కనుక్కోండి. బ్రిటన్‌కు ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్టీఎస్ గానీ ఓఈటీ గానీ, ఆపైన కంప్యూటర్ మీద రాసే సీబీటీ, చేసి చూపించే ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీ. అమెరికాకు నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్. గల్ఫ్‌లో సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. చాలామంది పట్టించుకోనిది ట్రాన్‌స్క్రిప్ట్. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారు, ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేశారు అన్నది కాలేజీ రాసివ్వాలి. దానికోసం ఏడాదిగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నవాళ్లు నాకు తెలుసు. పాసై వెళ్లిన సీనియర్లకు ఎన్నాళ్లలో ఇచ్చారో ముందే వాకబు చేయండి.

చేరే రోజున ఇంకో పని. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు ఒక్కోదాని పేరు రాయించి, సంతకం, ముద్రతో రసీదు తీసుకోండి. జిరాక్సులు రెండు సెట్లు ఇంట్లో పెట్టండి. "రసీదు ఎందుకమ్మా, మేమెక్కడికి పోతాం" అంటారు. నవ్వుతూనే అడిగి, చేతికి వచ్చాకే లేవండి.